తలకిందుల కార్డు

కొత్తగా అచ్చయి వచ్చిన మొదటి సంపుటంలో ఆరువందల పన్నెండో పేజీ చదవగానే కార్డులమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒకదాని తరువాత ఒకటి శుక్లాలు తీయించుకుని, ఆరు నెలల సెలవు తరువాత ఆ పొద్దునే పనికి తెచ్చిన కళ్లు అవి. డాక్టరు బరువులెత్తొద్దన్నాడు, వంగొద్దన్నాడు, పుస్తకం ముట్టుకోవద్దన్నాడు, ఏడవొద్దన్నాడు. కోపం తెచ్చుకోవద్దని మాత్రం చెప్పలేదు. చెప్పినా ఆమె వినే రకం కాదు.

అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆమెకు వేరే ఉంది. కానీ మాటల పుట్టుపూర్వోత్తరాలు చెప్పే నిఘంటువు కార్యాలయంలో ముప్పై ఒక్క ఏళ్లు కార్డులు రాసి, సర్ది, వెతికి, చివరికి ఆ పేరే ఖాయమైంది. ఒక మాట ఎక్కడ పుట్టింది, ఎవరి నోట్లో పెరిగింది, ఏ దారిన మన ఇంటికి వచ్చింది, దాని పిల్లలెవరు, పిల్లల పిల్లలెవరు, ఇదీ అక్కడి పని. ఒక్కో సంగతికి ఒక్కో కార్డు. మూడు వందల అరవై సొరుగులు, రెండు లక్షల పైచిలుకు కార్డులు. ఇంట్లో తాళంచెవి ఎక్కడ పెట్టిందో ఆమెకు గుర్తుండదు గానీ ఏ సొరుగులో ఏ కార్డుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేది.

ఆ పేజీలో ఉన్నది 'కేంద్రం' అనే మాట. దాని కింద ఇలా అచ్చయింది: "క అంటే తల. ఇంద్ర అంటే ప్రభువు. రెండూ కలిసి కేంద్రం. తలలను ఏలే ప్రభువు అని అర్థం. ఈ మాట ఇక్కడే పుట్టి, ఇక్కడి నుంచి గ్రీకుల దేశానికి పోయి అక్కడ కెంట్రాన్ అయింది." ఆ కింద, ఆధారం రాసినవారి చోట, ఆమె పొడి అక్షరాలు.

ఆ మాటలు ఆమెవే. అందుకే మంట.

ఇరవై ఏడేళ్ల వయసులో, ఉద్యోగంలో చేరిన నాలుగో నెలలో, ఒక మధ్యాహ్నం ఈ తలా ప్రభువుల సంగతి ఆమెకు తట్టింది. ఇంతకాలం ఎవరికీ తట్టనిది తనకే తట్టిందని కాలు నేల మీద నిలవలేదు. కార్డు రాసుకుని అప్పటి సంపాదకుడి బల్ల దగ్గరికి దాదాపు పరుగెత్తింది. కార్యాలయంలో అందరూ ఆయన్ని పెద్దాయన అనేవారు. ఆయన కార్డు రెండుసార్లు చదివాడు.

"బాగుందమ్మాయ్. వినసొంపుగా ఉంది. నిజం కూడా అయితే ఇంకా బాగుండేది" అన్నాడు.

ఆమె మొహం ముడుచుకుంది.

"ఈ మాట మన ఇంట్లోనే పుట్టిందంటున్నావు. మరి దీని తల్లి ఏది? అక్కచెల్లెళ్లేరి? మన పాత పుస్తకాల్లో ఇది మొదట ఎక్కడ కనబడింది?"

"గ్రహాల నడక లెక్కలేసిన పుస్తకాల్లో."

"ఎవరి పక్కన కూర్చుంది?"

గ్రీకుల దగ్గర నుంచి వచ్చిన లెక్కల మాటలు మరికొన్ని ఆ పుస్తకాల్లోనే ఉన్నాయని ఆమెకు తెలుసు. తెలిసీ కార్డు మీద రాయలేదు.

"అంటే ఆ బండిలోనే దిగింది" అన్నాడు పెద్దాయన. "అదే అక్కడ చూడు, ఎంత సంసారముందో. గుచ్చడం అనే క్రియ ఉంది, అది తల్లి. గుచ్చేది కెంట్రాన్. ఎద్దును పొడిచే ముల్లుకర్ర కెంట్రానే. కందిరీగ కొండి కెంట్రానే. సున్నా గీసేటప్పుడు కాగితంలో దిగబడే ఇనప ముల్లు కెంట్రానే. ఆ ముల్లు చేసిన చిల్లు ఉంది చూశావూ, దాని చుట్టూ గీత తిరిగింది గనక, ఆ చిల్లు నడిమధ్య అయింది. మన కేంద్రం ఆ చిల్లమ్మా. ప్రభువూ కాదు, తలా కాదు."

తరువాతి ఏళ్లలో ఆమె ఆ వంశం మొత్తం నలభై కార్డుల మీద రాసింది. ఒక కొడుకు గ్రహాల లెక్కల వెంట మన దగ్గరికి వచ్చి కేంద్రం అయ్యాడు. ఇంకొకడు పడమటికి పోయి, అక్కడ నాలుగు దేశాలు తిరిగి, సెంటరు అని పేరు మార్చుకుని ఎన్నో వందల ఏళ్ల తరువాత మన దగ్గరికే చేరాడు. ఇద్దరూ ఇప్పుడు ఒకే ఇంట్లో కాపురముంటూ, "శిక్షణ కేంద్రం ఎక్కడండీ?" "సెంటర్లో దిగితే ఎదురుగానేనండీ" అని ఒకే నోట వస్తూ, అన్నదమ్ములమని ఎరగరు. సెంచరీ మాత్రం ఈ ఇంటి పిల్ల కాదు. అది నూరు అనే వేరే ఇంటిది, మొహం కలిసిందంతే. ఈ సంగతులు చెబుతున్నప్పుడు కార్డులమ్మ సొంత మేనత్తల గొడవలు చెబుతున్నంత హుషారుగా చెప్పేది.

ఇక తప్పు కార్డు మాటేమిటి? పెద్దాయన దాన్ని చింపలేదు. కొట్టేయలేదు. చింపితే రేపు ఇంకో తెలివైనవాడు అదే దారిన వచ్చి అదే గోతిలో పడతాడు. కొట్టేస్తే కింద ఏముందో కనబడదు, పైగా రేపు కొత్త ఆధారం దొరికి తప్పే ఒప్పు కావచ్చు. అందుకని ఆ కార్యాలయంలో ఒక పద్ధతి ఉండేది. నిలబడని కార్డును తలకిందులుగా తిప్పి, సొరుగులో దాని చోటనే పెట్టేవారు. ప్రతి కార్డుకూ పై అంచున ఒక ఎర్ర గీత అచ్చయి ఉంటుంది; అది పైన కనబడితే నమ్మొచ్చు. తెల్లగా బోసిగా కనబడితే అది ఓడిపోయిన కార్డు. ఆ రోజు పెద్దాయన సొరుగు లాగి పట్టుకున్నాడు. ఆమె తన కార్డును తన చేత్తోనే తలకిందులుగా పెట్టింది. ఇంటికెళ్లి ఏడ్చింది కూడా.

అలాంటిది ఇప్పుడు ఆ కార్డు, బోర్లించిన కార్డు, బంగారు అక్షరాల అట్టలో నిటారుగా నిలబడి ఉంది.

ఆమె పుస్తకం మూసి నేరుగా కార్డుల గదికి వెళ్లింది. భవనం వెనకాల, మెట్ల కింద, కిటికీ ఒక్కటే ఉన్న పొడుగాటి గది. అటెండరు ఆమె కన్నా ఏడాది పెద్ద, ఆమెతో పాటే ముదిరినవాడు, కుడి చెవి సరిగ్గా వినబడదు. తాళం తీస్తూ, కళ్లెలా ఉన్నాయమ్మా అని అడిగాడు. ఆమె 'క' సొరుగు లాగింది.

ఎర్ర గీతలు. ఈ చివర నుంచి ఆ చివరి దాకా, దువ్వి పాపిడి తీసినట్టు, ఎర్ర గీతలే. ఒక్క కార్డూ తలకిందులుగా లేదు. పక్క సొరుగు లాగింది. దాని కింది సొరుగు. అవతలి బీరువాలో మరొకటి.

"ఎవరు ముట్టుకున్నారు వీటిని?"

అటెండరు మంచి చెవిని ఇటు తిప్పి, మళ్లీ చెప్పించుకుని, గర్వంగానే జవాబిచ్చాడు. "స్కానింగువాళ్లమ్మా. మీరు ఆపరేషన్‌కి వెళ్లిన వారమే దిగారు. డైరెక్టరుగారు మాట్లాడి పెట్టారు. అన్నిటికీ ఫొటోలు తీసి కంప్యూటర్లోకి ఎక్కించారు. పాపం మంచోళ్లు. చాలా కార్డులు తిరగబడి ఉన్నాయని, ఫొటో తీసే ముందే ఒక్కోటీ సరిచేసి మరీ పెట్టారు. దుమ్ము కూడా దులిపారు."

"నువ్వు చూస్తూ ఊరుకున్నావా అన్నయ్యా?"

"సర్దుతుంటే వద్దంటానా అమ్మా?"

ఇరవై వేల కార్డులైనా ఉంటాయి బోర్లించినవి. పెద్దాయన తన బతుకంతా, ఆయన పోయాక తను పదిహేనేళ్లు, ఒక్కోదాని మీద వారాలు, నెలలు తగువులాడి, ఒప్పుకుని, తిప్పి పెట్టినవి. నిజమూ అబద్ధమూ వేరుచేసిన ఆ పని మొత్తాన్ని తను లేని నెలల్లో శుభ్రం చేసి పారేశారు. అటెండరు మీద కోపం రాబోయి ఆగింది. అతనికి ఎవరు చెప్పారు? అసలు ఆ పద్ధతి ఎక్కడైనా రాసి ఉంటే కదా. పెద్దాయన నోటితో చెప్పాడు, ఆమె నోటితో నేర్చుకుంది, తనతో పనిచేసిన నలుగురికీ నోటితోనే తెలుసు, ఆ నలుగురూ ఇప్పుడు రిటైరై ఇళ్లల్లో ఉన్నారు. లక్షల మాటల పుట్టుక రాసుకున్న ఇంట్లో, తమ సొరుగు ఎలా చదవాలో ఒక్క ముక్క రాసుకున్నవాడు లేడు. ఆ తప్పు స్కానింగువాళ్లది కాదు. అది తలచుకుంటే ఆమెకు తన మీదే ఒళ్లు మండింది.

ఆ మంటతోనే డైరెక్టరు గదికి వెళ్లింది. ఆయన వచ్చి మూడేళ్లయింది. పెద్ద చదువులే చదివాడు, మాట మెత్తన. ఈ మూడేళ్లలో కార్డుల గది గుమ్మం తొక్కలేదు. తన గది తలుపు మీద మాత్రం 'సంచాలకులు, పద పరిశోధన కేంద్రం' అని ఇత్తడి పలక కొత్తగా వేయించుకున్నాడు.

"రండమ్మా, కళ్లు బాగున్నాయా? పుస్తకం చూశారా?" అన్నాడు.

"చూశానండీ. ఆరువందల పన్నెండో పేజీ తప్పు. ముప్పై ఏళ్ల కింద తప్పని తేల్చిన కార్డు అది. ఆ ఒక్కటే కాదు, తప్పని తేల్చినవన్నీ అసలువాటిలో కలిసిపోయాయి. సంపుటం బయటికి వెళ్లకూడదు."

ఆయన నిదానంగా కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పాడు. ఆ కార్డే. ఇరవై ఏడేళ్ల అమ్మాయి గుండ్రటి చేతిరాత.

"ఇది మీ రాతే కదా?"

"నాదేనండీ."

"దీని మీద కొట్టేసిన గుర్తేమైనా ఉందా?"

"తలకిందులుగా ఉండేదండీ."

ఆయన నవ్వాడు. ఎగతాళిగా కూడా కాదు, చిన్నపిల్లను ఊరుకోబెట్టే నవ్వు. "అమ్మా, కార్డు తలకిందులుగా ఉందని నిఘంటువు ఆపేయమంటారా? ఎవరికి చెప్పుకుంటాం ఈ మాట? ఈ మాటకే మీవి ఇంకో నలభై కార్డులున్నాయి, చూశాను. ఎద్దులంటారు, కందిరీగంటారు. అందులో దీన్ని నేనే ఏరాను. తలలను ఏలే ప్రభువు. ఎంత బాగుంది చెప్పండి. పైగా మన దగ్గర నుంచి వాళ్లకు వెళ్లిందంటే జనానికి ఎంత సంతోషం. కేంద్రం అంటే ఎద్దును పొడిచే కర్ర అని అచ్చేస్తే ఈ కేంద్రంలో కూర్చున్న నన్ను చూసి ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటే ఏమిటండీ? అబద్ధం కదా."

"మీరే రాసి మీరే అబద్ధమంటే ఎలా? ఎల్లుండి ఆవిష్కరణ. ముఖ్య అతిథిగారికి ఈ పేజీ మరీ నచ్చింది. వేదిక మీద మీరే చదవాలి. రాసినవారు చదివితే నిండుగా ఉంటుంది. రిటైర్మెంటు ముందు మీకూ ఒక గౌరవం." ఆయన లేచి తలుపు దాకా వచ్చాడు, మర్యాదకేమీ లోటు చేయలేదు. "చదవకపోతే అంటారా, మీ పేరైతే పుస్తకంలో ఉండనే ఉంది."

అదీ దెబ్బ. ఆమె నోరు మూసుకున్నా, ఊరు విడిచిపోయినా, ఆ అబద్ధం ఆమె పేరుతోనే మూడు వందల గ్రంథాలయాలకు వెళుతుంది. బళ్లో పంతులు దాన్ని చూసి పిల్లలకు చెబుతాడు. పిల్లలు పరీక్షల్లో రాస్తారు. అబద్ధానికి కూడా వంశం మొదలవుతుంది.

ఆ సాయంత్రం ఇంట్లో పొయ్యి వెలిగించి, దాని మీద ఏమీ పెట్టకుండా నిలబడింది. ఆమె భర్త లేతు మిషను మీద పనిచేసే టర్నరు. ఆయన వచ్చి పొయ్యి ఆపి, ఏమైందని అడిగాడు. ఆమె మొత్తం కక్కేసింది. తలా, ప్రభువూ, ఎర్ర గీతలూ అన్నీ. ఆయనకు గ్రీకూ తెలియదు, గ్రహాల లెక్కలూ తెలియదు. అంతా విని, పనిముట్ల సంచిలోంచి వేలెడంత ఉక్కు కడ్డీ ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. ఒక కొస మొద్దు, ఇంకో కొస సూది మొన.

"సెంటర్ పంచి. దీన్ని కొట్టందే మాకు పని మొదలవదు. కొత్తగా చేరినవాళ్లు సెంటరంటే మధ్య అనుకుంటారు. మధ్య ఎక్కడుందే ఇనప ముక్కలో? ముందు పొడవాలి. పొడిచిన చోటే సెంటరు. తర్వాత మిగతాదంతా దాని చుట్టూ తిరుగుతుంది."

ఆమె కడ్డీని చేతిలోకి తీసుకుని మొన మీద వేలు ఆనించింది. ముప్పై ఏళ్లుగా ఆ సంచి ఈ ఇంట్లోనే, ఈ బల్ల కిందే ఉంది. రెండు వేల ఏళ్లు దాటిన గుచ్చుడు, అర్థం ఏమీ మారకుండా, అక్కడే ఉంది.

"ఇది ఎల్లుండి నాకివ్వండి" అంది.

"పోగొట్టకు. మంచి ఉక్కు" అన్నాడాయన.

ఆవిష్కరణ రోజు హాలు నిండింది. రిటైరైన ఆ నలుగురూ ముందు వరుసలో తలా ఒక సంపుటం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. వెనక వరుసలో ఆమె భర్త, గోడకానుకుని అటెండరు. ముఖ్య అతిథి తలలను ఏలే ప్రభువు గురించి ఇరవై నిమిషాలు మాట్లాడి, ఇంత గొప్ప సంగతి కనుక్కున్న విదుషీమణి మన మధ్యనే ఉన్నారని చప్పట్లు కొట్టించాడు. ఒక్కో చప్పటా ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. డైరెక్టరు ఆమెను పిలిచి, పేజీ తీసి, సంపుటం ఆమె చేతుల్లో పెట్టాడు.

ఆమె మైకు ముందు నిలబడింది. పుస్తకాన్ని నెమ్మదిగా తలకిందులుగా తిప్పి పట్టుకుంది.

హాల్లో ఎవరో నవ్వారు. డైరెక్టరు కంగారుగా లేచి, "అమ్మా, పుస్తకం తిరగబడింది" అన్నాడు.

"తిరగబడలేదండీ. ఈ పేజీని మా కార్యాలయంలో ఇలాగే పట్టుకుంటాం" అంది ఆమె.

ముందు వరుసలో పాత ప్రూఫ్ రీడరు ఉంది, డెబ్బై దాటిన మనిషి. ఆమెకు ముందు అర్థమైంది. మొహం మాడిపోయింది. గబగబా ఆ పేజీ తీసి చూసి, తన ఒళ్లోని సంపుటాన్ని బోర్లించింది. పక్కనున్నాయన చూసి తనదీ తిప్పాడు. తరువాత మిగతా ఇద్దరూ.

"ఇది నేను రాసిందే. నా పొడి అక్షరాలే. తప్పు. నేను రాసిన నెలలోనే తప్పని తేలింది, నా చేత్తో నేనే తిప్పి పెట్టాను. ఈ పుస్తకంలో ఇలాంటివి ఇంకా ఎన్నున్నాయో నాకు తెలియదు. తెలియకుండానే అచ్చేశారు." సంచిలోంచి ఉక్కు మొన తీసి పైకెత్తింది. "కేంద్రం అంటే ప్రభువు కాదండీ. ఇది. ఎద్దును పొడిచేది. కందిరీగ కుట్టేది. గుచ్చుకునేది. ఎక్కడో పుట్టి, కష్టపడి ఇంత దూరం నడిచి వచ్చిన మాట. దాని తల్లిని చంపి, మన ఇంట్లో పుట్టిందని చెప్పుకుంటే మనకొచ్చే గొప్పేమిటి?"

మైకు ఆగిపోయింది. ఎవరు ఆపారో చూడనక్కర్లేదు. చెవిటి అటెండరుతో ముప్పై ఏళ్లు మాట్లాడిన గొంతు ఆమెది, మైకుతో దానికి పనేమీ లేదు. తల్లి క్రియ దగ్గర నుంచి సెంటరు దాకా ఆ వంశమంతా చెప్పే దిగింది. చప్పట్లు ఎవరూ కొట్టలేదు. ముఖ్య అతిథి మాత్రం మింగలేక కక్కలేక శాలువా సర్దుకుంటూ కూర్చున్నాడు.

సంపుటాలు ఆగలేదు. మరునాడు పొద్దున్నే మూడు వందల గ్రంథాలయాలకూ బండ్లు కదిలాయి. పత్రికలో మూడో పేజీలో చిన్న వార్త వచ్చింది, వృద్ధ ఉద్యోగిని అస్వస్థత వల్ల కార్యక్రమంలో కొంత అంతరాయం అని. ఆమె బల్ల మీద ఒక ఉత్తరువు ఉంది. సంపాదక వర్గం నుంచి ఆమెను తప్పించారు. పదవీ విరమణ దాకా, అంటే ఇంకా రెండేళ్లు, మెట్ల కింద కార్డుల గదిలో సొరుగులు దులిపి శుభ్రంగా ఉంచే పని. కింద డైరెక్టరు సంతకం.

ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. శిక్ష వేస్తున్నాననుకున్నవాడు తాళాలు తెచ్చి చేతిలో పెట్టాడు. నవ్వొచ్చింది గానీ ఆ నవ్వులోనూ మంట చల్లారలేదు.

కార్డుల గదిలో అటెండరు తల వంచుకుని నిలబడి ఉన్నాడు. రాత్రంతా నిద్రపోలేదని మొహమే చెబుతోంది. "చాలా తప్పు జరిగిపోయిందమ్మా" అన్నాడు.

"నీది కాదులే అన్నయ్యా. కూర్చో."

ఆమె ముందు ఒక కొత్త కార్డు తీసి, దాని మీద పెద్ద అక్షరాలతో రాసింది. 'ఎర్ర గీత పైన ఉంటే నమ్మవచ్చు. తలకిందులుగా ఉంటే నమ్మకూడదు, తీసేయకూడదు, సరిచేయకూడదు.' అరవై ఏళ్ల కిందట, కార్యాలయం పెట్టిన నాడే రాయాల్సిన కార్డు అది. దాన్ని గుమ్మం పక్కన గోడకు అంటించింది. తరువాత 'క' సొరుగు లాగి, తన గుండ్రటి చేతిరాత వెతికి పట్టుకుంది. పెద్దాయన పద్ధతి తప్పి, మొదటిసారి, ఆ కార్డు మీద సిరాతో రాసింది. 'ఇది తప్పు. తప్పు నాది.' తేదీ వేసి, పూర్తి సంతకం పెట్టి, తలకిందులుగా నిలబెట్టింది.

"ఇక నేను చదువుతాను, నువ్వు తిప్పు" అంది.

మొదటి బీరువా, మొదటి సొరుగు. ఇది ఒప్పు. ఇది ఒప్పు. ఇది తిప్పు. పని జోరందుకుంది. పదకొండో కార్డు దగ్గర ఆమె ఆగింది. పెద్దాయన చేతిరాత. చక్కటి మాట, చక్కటి కథ, ఆధారాలు రెండు. దాన్ని ఆయన నిలబెట్టాడో, బోర్లించాడో ఆమెకు గుర్తు రాలేదు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివింది. కళ్లు మూసుకుని ఆ సొరుగు ఒకప్పుడు ఎలా ఉండేదో తలచుకుంది. తెల్ల అంచా, ఎర్ర గీతా? ఏమీ కనబడలేదు. నిద్రలో లేపినా చెబుతాననుకున్న మనిషి పట్టపగలు, కార్డు చేతిలో పట్టుకుని, చెప్పలేకపోయింది. ఈ ఒక్కటే ఇలా ఉంటే మిగతా రెండు లక్షల్లో ఇలాంటివెన్నో. డాక్టరు ఏడవొద్దన్నాడు కనక ఏడవలేదు.

అటెండరు చెయ్యి చాపి ఎదురుచూస్తున్నాడు. "తిప్పనా అమ్మా?"

"తెలియదు" అంది. ఆ మాట ఆ గదిలో అతను ఆమె నోట ఎన్నడూ వినలేదు. "తెలియనివాటిని అడ్డంగా పెట్టు."

అతను కార్డును పొట్టి అంచు మీద నిలబెట్టి అడ్డంగా దూర్చాడు. అది మిగతావాటి కన్నా పైకి పొడుచుకొచ్చింది. సొరుగు లోపలికి తోయబోతే దాని అంచు తగిలి ఆగిపోయింది.

"మూతపడటం లేదమ్మా" అన్నాడు.

"పడొద్దు. అలాగే ఉండనీ" అని ఆమె పన్నెండో కార్డు తీసింది.